రెండో సీసా

లూకా బండికి ఆయిల్ పట్టే తీరు చూస్తే, చంటిపిల్లకి ఆముదం పట్టే అమ్మమ్మ గుర్తొస్తుంది. ఇంజిన్లోంచి దింపిన నల్లటి పాత ఆయిల్‌ని పంచెగుడ్డలో వడగట్టి సీసాలకెత్తుకునేవాడు. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ ఓ సీసా ట్యాంకులో ఒంపి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసేవాడు. పలాస జీడిపప్పు మోసిన పాత లారీ ఆ మందు మీదే ఏళ్ల తరబడి నడిచింది. అలా పోస్తే డీజిల్ పంపు అరగదని బండి నేర్పిన గురువు చెప్పిన మాట ఆయనకు బైబిలు వాక్యంతో సమానం.

కొత్త లారీ వేరే జాతిది. కంప్యూటర్‌తో నడిచే ఇంజిన్. "ఇంజిన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల బెజ్జాలు వెంట్రుక కన్నా సన్నం. ట్యాంకులో డీజిల్ తప్ప ఇంకేమీ పోయొద్దు" అని షోరూం మెకానిక్ మరీ మరీ చెప్పాడు. లూకా బుద్ధిగా తలూపాడు. ఆయన అంత బుద్ధిగా తలూపాడంటే చెవికెక్కలేదని ఇంట్లోవాళ్లకి తెలుసు, పాపం మెకానిక్‌కి తెలియదు.

తుఫాను వస్తోందని రేడియో చెప్పిన ఉదయం, సముద్రం ఒడ్డునున్న లూకా వాళ్ల ఊరికి లారీ అదొక్కటే. ముందు పిల్లల్నీ తల్లుల్నీ పలాస బడిలో దించి రావాలి. రెండో ట్రిప్పుకి ముసలివాళ్లూ మిగిలినవాళ్లూ. లూకా తల్లి దయమ్మ మంచం దిగలేని మనిషి. ఆవిడకి తోడుగా లూకా కూతురు స్తుతి ఉండిపోయింది. మూటలు నెత్తికెత్తుకుని నడిచిపోదామని బయల్దేరిన వాళ్లని లూకాయే ఆపాడు.

"తోటలెంట నడవకండి, సెట్లు మీద పడతాయి. అందరూ ప్రార్థన మందిరంలో కూకోండి. నా హారన్ ఇనబడితేనే తలుపు తీయండి."

"నా కొడుకు బండి ఏనాడూ దారిలో ఆగనేదు" అంది దయమ్మ మంచం మీద నుంచే. ఆ మాటతో అందరూ మూటలు దించేసి, ఆవిడని మంచంతో సహా మందిరంలోకి మోశారు.

పిల్లల బరువుతో పలాస చేరేసరికి బండి ఎత్తు ఎక్కడానికి ఆయాసపడింది. అద్దం కింద పసుపు లైటు వెలిగింది.

"మావా, ఆ లైటేటి?" అన్నాడు పక్కన కూర్చున్న అల్లుడు జీవన్ కుమార్.

"కొత్త బండి కదా, దాని సింగారం."

అన్నాడే గానీ లూకా చూపు ఆ లైటు మీంచి కదల్లేదు. బండికి నీరసం వచ్చిందనుకున్నాడు. ఈ ఒక్కరోజూ అది నిలబడాలి. జీవన్ పిల్లల్ని దించుతుండగా, పొద్దున్న ఒక సీసా పోశానని తెలిసి కూడా, సీటు వెనకనున్న రెండో సీసా మొత్తం ట్యాంకులో ఒంపేశాడు. "నా తల్లివి కదూ" అని ట్యాంకుని నిమిరాడు.

అప్పుడే తాతారావు అనే లారీ డ్రైవరు వచ్చి అడిగాడు. "లూకా మావా, నా బండి కాళీగుంది. నీ ఎనకాల రమ్మంటావా?"

"నా బండుంది కదేటి. నువ్వు మందస ఓళ్లకి సాయానికెల్లు."

తిరుగుదారిలో పూండి దాటి జీడితోటల్లోకి వచ్చాక ఇంజిన్ దగ్గింది. రెండు కుదుపులు కుదిపి నోరు మూసింది. లూకా సెల్ఫ్ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. గాలి సముద్రం మీంచి విరుచుకుపడుతోంది. జీవన్ దిగి డీజిల్ ఫిల్టర్ విప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలికి కాటుకలాంటి జిడ్డు.

"మావా, ఇందులో ఏటి పోసినావు?"

లూకా చెప్పాడు. రెండు సీసాలనీ చెప్పాడు. జీవన్ జిడ్డు వేలు ప్యాంటుకి తుడుచుకుని, సిగ్నల్ లేని ఫోన్‌ని చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేదని లూకాకి ఏడుపొచ్చింది. అక్కడ మందిరంలో అతని పెళ్లాం స్తుతి ఉంది.

జీవన్ క్యాబిన్లోకి ఎక్కి హారన్ మీద చెయ్యి పెట్టాడు. "బ్యాటరీ ఉంది. కొడతానుండు. మనం దగ్గర్లో ఉన్నామని తెలుత్తాది."

లూకా ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "కొట్టకురా బాబూ. బండొచ్చీసిందనుకుని తలుపు తీసీత్తారు. ముసిలోళ్లందర్నీ ఈ గాల్లో బయటెట్టీత్తారు."

ఇద్దరూ దిగి సముద్రం వైపు పరుగెత్తారు. గాలి రొమ్ము మీద చేతులు పెట్టి వెనక్కి నెడుతోంది. ముందు ఒక కొబ్బరిచెట్టు రోడ్డుకి అడ్డంగా పడింది, దాని వెనక ఇంకొకటి. లూకా వాటి మీదుగా పాకుతూనే ఉన్నాడు. తల్లి ఇప్పుడేం చేస్తోందో ఆయనకు చూసినట్టే తెలుసు. కొడుకు హారన్ ఎక్కడ వినబడకుండా పోతుందోనని, మందిరంలో అందర్నీ నోరు మూసుకుని కూర్చోమని కసురుతుంటుంది.