రాజుగారి శాలువా

భార్యాభర్తలు కలిసి వస్తేనే మంత్రదీక్ష, లేకపోతే ఇద్దరికీ లేదు. గురువమ్మ శూరమతి పద్ధతి అది. అందుకే ఆ సాయంత్రం వితస్తా నది ఒడ్డున, భర్త జయ్యకుడి పక్కన నాటకానికి కూర్చున్న నాగలత మాటిమాటికీ అతని వైపే చూస్తోంది.

పరీక్ష ఆ నాటకమే. ఒకప్పుడు శిష్యులతో గుహలోకి వెళ్ళి తిరిగిరాని తమ మహాగురువు మాటను శూరమతి గట్టిగా పట్టుకుంది. నాటకం చూస్తూ ‘నాది’ అన్నది మరిచిపోగల మనసుకే మంత్రం రుచి తెలుస్తుందట. జయ్యకుడు నాటకాల్లోని రసం గురించి పూటంతా మాట్లాడగలడు. చూడమంటేనే కష్టం.

రాజు వేషం రంగం మీదికి వచ్చింది. జయ్యకుడు ఉలిక్కిపడ్డాడు.

“ఏమే, ఆ శాలువా...”

“మనదేనండీ. ఈ నాటకంవాళ్ళ రాజుకి చిరుగుల కంబళి తప్ప గతిలేదు. జాలేసి ఇచ్చా.”

“పెళ్ళిలో మీ నాన్న పెట్టింది!”

“మా నాన్నకి లేని బాధ మీకెందుకు? ముందు నాటకం చూడండి.”

రాణి చనిపోయింది. రాజు ఏటి ఒడ్డు బురదలో పడి పొర్లాడు. జయ్యకుడి కళ్ళు చెమర్చాయి. రాజు శాలువా కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు. జయ్యకుడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాటకం అయ్యాక శూరమతి అతని తల నిమిరింది. “ఎంత మెత్తని మనసు నాయనా! రేపే దీక్ష.”

ఇక ఈయన నోరు మెదపకపోతే చాలు, అనుకుంది నాగలత.

“అమ్మా,” అన్నాడు జయ్యకుడు నేల చూపులు చూస్తూ, “నేనేడ్చింది రాణి కోసం కాదు. ఆ శాలువా నాది.”

శూరమతి పొట్ట పట్టుకుని నవ్వింది. “మరి నువ్వెవరి కోసం ఏడ్చావే పిల్లా?”

“ఏడవలేదమ్మా. ఈయన మొహం చూస్తూ నవ్వాపుకోవడమే సరిపోయింది.”

“బాగుంది! అతను తన శాలువాని చూశాడు, నువ్వు నీ మొగుణ్ణి చూశావు. నాటకం ఎవరు చూశారు? రేపు మళ్ళీ ఆడతారు, చెరో మూలా కూర్చోండి. దీక్ష మాట తర్వాత.”

నాగలత మొహం ఎర్రబడింది. తానూ నాటకం చూడలేదన్న సంగతి అప్పటిదాకా తనకే తట్టలేదు.

ఇంతలో నటుడు బురద కారుతున్న శాలువా మడిచి తెచ్చాడు. జయ్యకుడు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

“రేపటికి ఉంచుకో బాబూ. కాకపోతే, పొర్లేటప్పుడు కాస్త...”

నాగలత కన్నార్పకుండా చూస్తోంది.

“కాస్త బాగా పొర్లు,” అన్నాడు జయ్యకుడు శాలువా వైపు చూడకుండా.