మడత మీద పదహారు

పెళ్లై నెల తిరక్కుండానే ఆ కొత్త కోడలికి ఒక లెక్కల పాఠం ప్రాణం మీదికి తెచ్చింది. ఆమె లెక్కల టీచరు. పాత ఉద్యోగం రాత్రంతా బస్సులో కూర్చుంటే గాని చేరలేని ఊళ్లో. భర్త దర్జీ, దుకాణం ఈ ఊళ్లో. సెలవు కాస్తా కరిగిపోతోంది. ఇక్కడి బడిలో ఒకే ఒక్క ఖాళీ ఉంది. హెడ్‌మిస్ట్రెస్ ముందు పాఠం చెప్పి మెప్పిస్తే సరి, లేకపోతే ఇకనుంచి ఆదివారం మొగుడూ పెళ్లాలే.

చెప్పాల్సింది ఘాతాంక న్యాయాలతో వర్గమూలాలను సూక్ష్మీకరించడం. పొద్దున్నే దుకాణంలో భర్తనే విద్యార్థిని చేసింది.

"x పవర్ ఆరు అంటే ఆరు xలను గుణించడం. దానికి రూట్ కావాలి. ఎలా చెబితే మీకు ఎక్కుతుంది?"

"నాకు చెప్పడం మా మేష్టారి వల్లే కాలేదు. ఆయన జుట్టు నా వల్లే ఊడిందని ఊరంతా అనేవారు," అంటూ అతను చొక్కా వీపు గుడ్డను మధ్యకి మడిచి కత్తెర ఆడించాడు.

ఆమె కళ్లు మెరిశాయి. ఒక పీలిక తీసుకుని, దాని మీద సుద్దతో ఆరు xలు రాసి మధ్యకి మడిచింది. మూడింటి మీద మూడు పడ్డాయి.

"చూశారా, రూట్ అంటే మడతేనండీ. పవర్ సగమైపోతుంది."

"ఇంతోటి దానికా బళ్లో నన్ను బెంచీ ఎక్కించారు?"

తరగతిలో ఆ పీలిక బ్రహ్మాండంగా పనిచేసింది. "x ధనసంఖ్య అనుకుందాం" అని ముందే చెప్పి √x⁶ను x³ చేసింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. వెనక బెంచీలోంచి హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకున్నారు.

"మరి రూట్ లోపల 16x⁶ ఉంటేనో?"

"మడత పెడితే సరి," అంటూ ఆమె గబగబా 8x³ అని రాసేసింది.

ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "మేడమ్, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు కదండీ?"

ఆమెకు గుండె జారి చెప్పుల్లో పడింది. బస్సు కిటికీ, తాళం వేసిన పాత గది కళ్ల ముందు తిరిగాయి. ఇంతకీ ఈ ఎనిమిది ఎక్కడిది? వెంటనే తట్టింది. పెళ్లైన దగ్గర్నుంచీ దుకాణంలో టేపు పట్టుకుని, భుజం పదహారు, మడత మీద ఎనిమిది అని భర్తకు చెప్పీ చెప్పీ నోటికి అంటుకుపోయింది.

దాచి లాభం లేదనుకుంది. "తప్పు రాశాను. మా ఆయన దర్జీ. భుజం పదహారైతే మడత మీద ఎనిమిది."

తరగతంతా గొల్లుమంది. ఆమెకూ నవ్వొచ్చింది.

"గుడ్డలో ఎనిమిదికి ఎనిమిది కలుపుతాం. రూట్‌లో గుణిస్తాం. కాబట్టి పదహారును ముందు గుణకారంగా విప్పాలి. ఎలా?"

"రెండు పవర్ నాలుగు," అంది రెండు జడల పిల్ల.

ఆమె పీలిక తిరగేసి నాలుగు రెండ్లు రాసి మడిచింది. రెండింటి మీద రెండు. 2² అంటే నాలుగు. 8ని కొట్టేసి 4x³ రాసి, దాన్ని దానితోనే గుణించి చూపించింది. 16x⁶ చక్కగా తిరిగొచ్చింది.

గంట కొట్టాక హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికొచ్చారు. "ఆ ఎనిమిదిని మా పిల్లలు ఏటా రాస్తూనే ఉంటారమ్మా. ఎందుకు తప్పో ఇంత సులువుగా చెప్పినవాళ్లు లేరు. సోమవారం వచ్చి చేరిపో."

గేటు బయట, తను రావద్దన్నా భర్త రానే వచ్చి స్కూటరు మీద కూర్చున్నాడు. మెడలో టేపు అలాగే ఉంది.

"ఏమైంది?"

"ఆ ఊళ్లో గది ఖాళీ చేసెయ్యాలండీ."

అతను హ్యాండిల్ పట్టుకుని ఎదుటి గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

"బండి తీయరేం? పిల్లలు చూస్తున్నారు."

"ఉండవోయ్. కాళ్లలో వణుకు తగ్గనీ."

ఆమె వెనక ఎక్కి కూర్చుంది. తొందరేముంది, తగ్గేదాకా ఆగుదామనుకుంది.