పెరిజాత్ తెచ్చిన గొర్రెబొచ్చు

ఆ వేసవిలో మా కోచ్కోర్ ఊరి క్రైస్తవ సంఘం వాళ్ల ఇళ్లలో ఒక్క గొర్రెతోలు కూడా రాత్రిపూట ఇంట్లో పడుకోలేదు.

అంతా తిలెక్ చలవ. బైబిలు పాఠశాలలో ఏడాది చదివి, గిటారు ఒకటి భుజాన తగిలించుకుని తిరిగొచ్చిన కుర్రాడు. స్కూలు చదువు ముగించిన పిల్లల్ని పాస్టరు గారి పెరట్లో కూర్చోబెట్టి, భవిష్యత్తు విషయంలో దేవుణ్ణి నమ్మడం ఎలాగో వరసగా మూడు ఆదివారాలు పాఠం చెప్పాడు. మూడో ఆదివారం గిద్యోను కథ ఎత్తుకున్నాడు. గిద్యోను కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, తెల్లారేసరికి బొచ్చు మాత్రం తడిసి చుట్టూ నేల పొడిగా ఉంటే నీ మాట నమ్ముతానని దేవుడితో అన్నాడు, అలాగే జరిగింది. ఇంకో ఊళ్లో అయితే పిల్లలు ఆ కథ విని, తలూపి, ఇళ్లకి పోయి టీ తాగేవాళ్లు. కానీ ఇంటికి నాలుగు గొర్రెతోళ్లు ఉండే లోయ ఇది. దేవుణ్ణి అడగడానికి కావలసిన సరంజామా అంతా గుమ్మం పక్కనే చుట్టి పెట్టి ఉంటే ఎవరు ఊరుకుంటారు?

సంఘంలో ఈ వేడుకంతా షాయిర్‌గుల్ ఒక్కతే మూతి విరిచి చూసింది. రష్యా పోయి మేస్త్రీ పని చేయాలని ఉవ్విళ్లూరుతున్న కుర్రాడు తోలు తడిస్తే వెళ్తానని మొక్కి, దాన్ని కాలవగట్టు మీద పరిచాడు. తడిసింది. ట్రాక్టరు డ్రైవరు కొడుకుని చేసుకోవడం ఇష్టంలేని పిల్ల, తోలు తడిస్తే చేసుకుంటానని చెప్పి, దాన్ని చూరు కింద పరిచింది. తడవలేదు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఆదివారం ఒక్కొక్కరూ లేచి కళ్లు తుడుచుకుంటూ సాక్ష్యం చెబుతుంటే, షాయిర్‌గుల్ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎవరి తోలు ఎక్కడ పరిచారో మనసులోనే లెక్కేసుకుంటూ కూర్చునేది.

ఆమె బిష్కెక్‌లో చరిత్ర చదివి పట్టా పుచ్చుకున్న మనిషి. పట్టా పెట్టెలో ఉంది, ఆమె పశువుల పాకలో ఉంది. అందుకని ఆమెకి ఎవరి మీదా పెద్దగా నమ్మకం లేదు. కూతురు కనిషాయ్ మీద తప్ప.

కనిషాయ్‌కి పదిహేడేళ్లు. పశువైద్యం చదవడానికి బిష్కెక్ కాలేజీలో సీటొచ్చింది. శనివారం లోపల వెళ్లి అసలు సర్టిఫికెట్లు చేతికివ్వకపోతే సీటు తర్వాతి వాళ్లకి పోతుంది. తండ్రి మందతో కొండ మీద మేత చోట ఉన్నాడు. ఫోను అందినప్పుడు ఆయన అన్నది ఒకటే మాట, "దేవుడు ఎలా నడిపిస్తే అలా." నన్ను ఇందులోకి లాగకండి అన్న మాటని ఆయన పాతికేళ్లుగా అలాగే అంటున్నాడు.

గురువారం మధ్యాహ్నం పాస్టరు గారి భార్య పెరిజాత్ వచ్చింది. చంకలో తెల్లటి గొర్రెతోలు ఉంది. కొత్తది, మచ్చలేనిది, దువ్వెనతో దువ్వినట్టుంది.

"షాయిర్‌గుల్ చెల్లీ, మీ ఇంట్లోవి అన్నీ వాడినవేగా. దేవుడి ముందు పెట్టేది శుభ్రంగా ఉండాలని మా ఇంట్లోంచి తెచ్చాను" అంది గుమ్మంలోనే.

"మేము అడగలేదు కదా అక్కా."

"మీరు అడగరని తెలుసు."

టీ పోశారు, రొట్టె విరిచి పెట్టారు, మీగడ గిన్నె జరిపారు. మూలన పరుపు మీద షాయిర్‌గుల్ అత్తగారు ఉల్కాన్ కూర్చుని ఉంది. ఆవిడ ఈ సంఘంలో చేరలేదు, చేరనని కోడలికి చెప్పి చాలా కాలమైంది. ఆవిడ దారి ఆవిడది. నలభై ఒక్క చిక్కుడు గింజలు గుడ్డ మీద కుప్పలుగా పంచి, పోయిన ఆవు ఎటు పోయిందో, వచ్చే చుట్టం ఎప్పుడొస్తాడో చెబుతుంది. ఆ గింజలు సైతాను పనిముట్లని నిరుడు పెరిజాత్ ఈ ఇంట్లోనే, ఈ మీగడే తింటూ, గంటసేపు చెప్పింది.

"కనిషాయ్ గురించి దేవుడు నా మనసులో పెట్టాడమ్మా" అంది పెరిజాత్ రొట్టె అద్దుకుంటూ. "శరత్కాలం నుంచి మన సంఘం చిన్నపిల్లల బడి మొదలవుతోంది. తిలెక్ పాటలు చూసుకుంటాడు. పిల్లల్ని చూసుకోడానికి ఒక మనిషి కావాలి. ఒక్క ఏడాది దేవుడికిస్తే ఏం పోతుంది?"

"సీటు పోతుంది" అంది షాయిర్‌గుల్.

"దేవుడు ఇవ్వాలనుకుంటే మళ్లీ ఇస్తాడు."

"బడికి మనిషినీ ఆయనే ఇస్తాడేమో మరి."

పెరిజాత్ నవ్వింది. ఆవిడకి కోపం రాదు, అదే ఆవిడ బలం. "అందుకే కదా ఇది తెచ్చాను. నీ మాటా వద్దు, నా మాటా వద్దు. రాత్రి పరుద్దాం. పొద్దున తడిసి ఉంటే పిల్ల ఇక్కడే ఉండాలి. పొడిగా ఉంటే రేపే వ్యాను ఎక్కిద్దాం, నేనే ఎక్కిస్తాను."

మూలనుంచి ఉల్కాన్ గొంతు వచ్చింది. "ఏటి పక్క ఊళ్లో, ఆరుబయట, బొచ్చు తోలు తడవకపోతే అది అద్భుతం. తడిస్తే అది మంచు."

"అమ్మా, మీకు ఇవి అర్థం కావు."

"నా గింజలు సైతానువి, నీ తోలు దేవుడిది. అంతవరకు అర్థమైందిలే."

షాయిర్‌గుల్ టీ గిన్నె చాటున నవ్వు దాచుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది, "అక్కా, తిరగేసి పెట్టుకోకూడదూ? తడిస్తే వెళ్లాలి, పొడిగా ఉంటే ఉండాలి, అని?"

"దేవుడితో బేరాలాడతామా చెల్లీ" అంది పెరిజాత్, ఎంతో జాలిగా.

కనిషాయ్ ఇంతసేపూ తలవంచుకుని అందరికీ టీ పోస్తోంది. గిన్నె అందిస్తూ అంది, "అక్కా, నేల కూడా తడిస్తే?"

"ఏమిటే?"

"గిద్యోనుకి బొచ్చే తడిసింది, నేల పొడిగా ఉంది కదా. ఇక్కడ రెండూ తడుస్తాయి. అప్పుడేమిటి?"

"విశ్వాసం ఉంటే అలాంటి సందేహాలు రావు బంగారం."

"సరే అక్కా. పరచండి" అంది కనిషాయ్.

ఆ 'సరే' విని షాయిర్‌గుల్‌కి ఒళ్లు మండింది. తనూ ఒకప్పుడు ఇలాగే సరే అంది. చదువు ముగిసిన నెలలోనే పెళ్లి, ఆ ఏడాదే పాక. ఎవరూ బలవంతం చేయలేదు. అందరూ ప్రేమగానే అడిగారు. ఆ ప్రేమని కాదనే మాట ఆమెకి దొరకలేదు, అంతే.

చోటు కూడా పెరిజాతే ఎంచింది. యాపిల్ చెట్టుకి అవతల, కాలవకి ఇవతల, గడ్డి మోకాలెత్తు ఉన్న చోట. బొచ్చు పైకి వచ్చేలా పరిచి, నాలుగు మూలలా చేత్తో సర్ది, కళ్లు మూసుకుని ప్రార్థించి వెళ్లింది. ఆవిడ గేటు దాటగానే ఉల్కాన్ అంది, "చెరువులో పడేయడం ఒక్కటే మిగిలింది."

సాయంత్రం కూతురు బట్టలు మడతపెడుతుంటే షాయిర్‌గుల్ పక్కన చేరింది.

"నీకేం కావాలో నోరు తెరిచి చెప్పవేం?"

"చెప్పానమ్మా."

"ఎవరికి?"

"చెప్పాల్సిన ఆయనకి."

"ఆయన తోలు తడిపి జవాబు చెబుతాడా ఇప్పుడు?"

కనిషాయ్ సంచి దగ్గరికి లాక్కుంది. తండ్రి పాత స్వెట్టరు తీసి సంచిలో పెట్టింది, మళ్లీ బయటికి తీసింది, మళ్లీ పెట్టింది. పిల్లకి వెళ్లాలనీ ఉంది, భయమూ ఉంది, ఆ రెండూ తల్లికి కనిపించాయి. అయినా ఇంత తెలివైన పిల్ల ఒక తోలుకి తలవంచడం ఆమె మింగలేకపోయింది.

ఇంకా తెలవారకముందే షాయిర్‌గుల్ లేచింది. పెట్టెలోంచి పెద్ద పొడి తువ్వాలు ఒకటి తీసుకుంది. ఆమె చేయబోయేది ఇది: తోలుని పాకలోకి తెచ్చి, గట్టిగా అద్ది అద్ది ఆరబెట్టి, పెరిజాత్ వచ్చే వేళకి మళ్లీ గడ్డిలో పెట్టడం. కాలవగట్టున పరిచినవాడిది మోసం. చూరు కింద పరిచిన పిల్లది మోసం. పెరిజాత్‌ది పెద్ద మోసం. తనది మోసం కాదు, వాళ్ల మోసానికి దిద్దుబాటు. తలుపు గడియ తీసేటప్పుడు ఆమె అలాగే అనుకుంది, అందులో తప్పేమీ కనబడలేదు.

గడ్డిలో అడుగుపెట్టగానే చెప్పులు నానిపోయాయి. యాపిల్ చెట్టు దాటింది. తోలు పరిచిన చోట గడ్డి చదునుగా అణిగి ఉంది. తోలు లేదు.

మొదట పెరిజాత్ వచ్చేసి తీసుకుపోయిందేమో అనుకుంది. తర్వాత పాకలోంచి పాలధార బకెట్టు అంచుకి తగిలే చప్పుడు వినిపించింది.

కనిషాయ్ ఆవు పక్కన కూర్చుని పాలు పితుకుతోంది. కింద రాయి మీద, నాలుగు మడతలేసి, పెరిజాత్ తోలు పరుచుకుని కూర్చుంది. ఒక మూల పేడలో పడి ఉంది. ఇంకో మూల మీద పాల చుక్కలు.

"తడిసిందా?" అంది షాయిర్‌గుల్. నోటికి ముందొచ్చిన మాట అదే.

"చూడలేదమ్మా."

"చూడకుండా ఎలా తీశావే?"

"కళ్లు మూసుకుని తీశాను" అంది కనిషాయ్, ఆవు పొదుగు మీంచి చూపు తిప్పకుండా. "ఇప్పుడు తడిగానే ఉంది. పాలవల్లో, పేడవల్లో, మంచువల్లో చెప్పలేం."

షాయిర్‌గుల్ నిలబడే ఉంది.

"గిద్యోనుకి దేవుడు ముందే చెప్పేశాడమ్మా, వెళ్లు, నేను తోడుంటాను అని. అది నమ్మలేక బొచ్చు పరిచాడు. మళ్లీ తిరగేసి ఇంకోసారి పరిచాడు. దేవుడు ఓపిక పట్టాడు. తిలెక్ అన్నయ్య ఆ ముందు భాగం చదవనే లేదు. చదివి ఉంటే, పరచడం గిద్యోను గొప్ప కాదు, పిరికితనం అని తెలిసేది." బకెట్టు కొంచెం జరిపింది. "నాకూ భయంగానే ఉంది. కానీ ఆ తోలుని అడిగితే నాకు దేవుడి మాట వినబడదు. పెరిజాత్ అక్క మాటే వినబడుతుంది. అందుకే అడగలేదు. వెళ్తాను. తప్పు దారైతే ఆపడం ఆయనకి చేతకాదా? నేను చదివే నాలుగేళ్లూ ఆయన్ని అడుగుతూనే ఉంటాను, ఒక్క రాత్రితో అయిపోయేది కాదు కదా."

"మరి నిన్న సరే అన్నావు."

"ఆవిడ పరుస్తానంది, పరచమన్నాను. చూస్తానని అనలేదు." అప్పుడు తలతిప్పి తల్లిని చూసింది. చూపు మొహం మీంచి కిందికి జారింది. "ఆ తువ్వాలు ఎందుకమ్మా?"

షాయిర్‌గుల్ చేతిలోకి చూసుకుంది. అంత పెద్ద తువ్వాలు. చుట్టాలొస్తే తప్ప బయటికి తీయనిది.

"పాలకని" అంది.

"పాలకా" అంది కనిషాయ్. ఇంకేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ తగిలింది. సంఘంలో ప్రతి తోలూ ఎక్కడ పరిచారో లెక్కపెట్టిన మనిషి, ఈ లెక్కలో తననీ వేసుకోవలసి వచ్చింది.

పొద్దెక్కగానే పెరిజాత్ వచ్చింది. నేరుగా యాపిల్ చెట్టు దగ్గరికి వెళ్లి, ఖాళీ గడ్డి చూసి, పాక దగ్గరికి వచ్చింది. తోలు ఆ సరికి కంచె మీద వేలాడుతోంది.

"ఇదేమిటి చెల్లీ?"

"ఆవు దగ్గర కూర్చోడానికి వాడింది పిల్ల" అంది షాయిర్‌గుల్.

"దేవుడి ముందు పెట్టినదాన్నా?"

"గొర్రె దాన్ని మోసింది కూడా పేడలోనేగా" అంది ఉల్కాన్ గుమ్మంలోంచి.

కనిషాయ్ సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. "అక్కా, కోపం తెచ్చుకోకండి. బిష్కెక్ వెళ్తున్నాను. బడి పిల్లల కోసం అక్కడినుంచీ ప్రార్థన చేస్తాను. సెలవుల్లో వస్తే మీ ఆవులకి సూదిమందులు కూడా వేస్తాను."

"సూచన లేకుండానే వెళ్తావా?"

"సూచన ఉంటే నమ్మకం ఎందుకక్కా?"

పెరిజాత్ కంచె వైపు తిరిగింది. ఆవిడకి కోపం రాదు. కానీ ఆ రోజు మొహం ఎర్రబడింది. తోలుని కంచె మీంచి లాగి, పేడ అంటిన మూల బయటికి వచ్చేలా చుట్టి, చంకలో పెట్టుకుంది. "సాక్ష్యం చెప్పమని అడిగితే ఆదివారం ఏం చెప్పను?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. వీధి చివరి దాకా దాన్ని దులుపుతూనే ఉంది.

వ్యాను సంత దగ్గర ఆగింది. కనిషాయ్ తల్లిని కావలించుకుని చెవిలో అంది, "అమ్మా, నువ్వు పాలకని అన్నావు కదా, నేను నమ్మాను." ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఏడవలేదు. షాయిర్‌గుల్ కూడా ఏడవలేదు, ఏడిస్తే తుడుచుకోడానికి చేతిలో తువ్వాలు కూడా లేదు.

ఇంటికొచ్చేసరికి ఉల్కాన్ గుడ్డ పరిచి గింజలు పంచుతోంది.

"దారి బాగుందంటున్నాయి కోడలా."

"ఇప్పుడా వేసేది అత్తయ్యా? పిల్ల వెళ్లిపోయిందిగా."

"వెళ్లాక వేస్తేనే తప్పవు."

షాయిర్‌గుల్ ఆ పొడి తువ్వాలుని, తడవకపోయినా, తీగ మీద వేసింది. పిల్ల శనివారం లోపల చేరుతుందా, సీటు నిలుస్తుందా, ఆ ఊళ్లో ఎవరి మాటకి సరే అంటుందో, ఏదీ తెలియదు. తెలుసుకోడానికి చేతిలో ఏమీ లేదు. ఇన్నాళ్లూ అందరి భక్తినీ చూసి నవ్విన మనిషికి, ఏమీ లేకుండా ఊరుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. తనూ అడగలేదు.

తలెత్తి చూసింది. కొండ మీద ఒక్కటే మబ్బు. అది బిష్కెక్ వైపు కదిలితే మంచిది, అనుకోబోయి, తనేం చేస్తోందో గ్రహించి చటుక్కున చూపు దించేసింది. బకెట్టు తీసుకుని పాకలోకి వెళ్లి, చల్లటి రాయి మీద, కింద ఏమీ పరుచుకోకుండా కూర్చుంది.