కలిపిన రంగు

సున్నా చుట్టేటప్పుడు మళ్ళీ చెయ్యి వణికింది. పెయింటరు విసుక్కుని, వంకరపోయిన రంగును గుడ్డతో తుడిచేశాడు. గోడకు ఆనించిన ఆ బోర్డు మీద పొద్దుటి నుంచీ రాసిందానికన్నా తుడిచిందే ఎక్కువ.

పాత మాత్ర మూర్ఛను ఆపింది కానీ చేతికి వణుకు అంటగట్టింది. అది మానితే మనిషి నిచ్చెన మీంచి పడతాడు, వేసుకుంటే అక్షరం వంకరపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పోయిన వారం డాక్టరమ్మ ఇంకో మాత్ర సంగతి చెప్పింది. "దీంతో వణుకు ఉండకపోవచ్చు. మూర్ఛను పాతదంత బాగా ఆపుతుందో లేదో మాత్రం చెప్పలేను. నీకేది కావాలి?"

"మీ ఇష్టం, డాక్టరమ్మా."

"మింగేది నువ్వయ్యా!"

ఏ రంగు వెయ్యమంటారని అడిగితే మీ ఇష్టమనేసి, ఆరాక పెదవి విరిచే జనాన్ని చూసి నవ్వుకునేవాడు. ఇప్పుడు తనే ఆ మాట అన్నాడు. చివరికి చెయ్యే కావాలన్నాడు.

"సరే. పాతది తగ్గించకుండా దాని పక్కనే కొత్తది మొదలుపెట్టు. ఎప్పుడు తగ్గించాలో నేను చెప్తాను. సొంత వైద్యం వద్దు."

ఇంటికొచ్చాక బుర్ర తిరిగిపోయింది. కొత్తది అంత మంచిదైతే ఇన్నాళ్ళూ పాతది ఎందుకిచ్చినట్టు? పాతదే గట్టిదైతే కొత్తది దేనికి? రెండూ వేసుకుంటే వణుకు అలాగే ఉంటుందిగా? ఎరుపు మరీ కొట్టొచ్చినట్టుంటే పసుపు కలుపుతాం, మధ్యస్థంగా వస్తుంది. మందైనా అంతేగా! పాతది సగం, కొత్తది సగం. రంగులు కలిపి కలిపి తల నెరిసినవాడికి, పాపం, అదే తోచింది.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య, ముందుగా నిచ్చెన వంక చూసింది.

"ఎక్కలేదు కదా?"

"నీ మీదొట్టు."

"మాత్రలు వేసుకున్నావా?"

"రెండూ వేసుకున్నాను." అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఆమె వెళ్ళాక కుంచె పట్టాడు. సున్నా ఒక్క చుట్టుకే గుండ్రంగా వచ్చింది. నమ్మలేక చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఎన్నాళ్ళకో వచ్చిన సంతోషంతో, కాస్త నడుం వాలుద్దామని బోర్డు నీడలో పడుకున్నాడు.

సాయంత్రం గిన్నెల కోసం వచ్చిన భార్య, బోర్లా పడుకుని ఉన్నాడేమిటని భుజం పట్టి కదిపింది. ఒళ్ళు చల్లగా ఉంది. నిద్రలో వచ్చిన మూర్ఛ, పోతూ పోతూ అతన్ని కూడా తీసుకుపోయింది.

నిచ్చెన ఎక్కలేదుగా, నిచ్చెన ఎక్కలేదుగా అని ఆమె వచ్చినవాళ్ళందరినీ అడుగుతూనే ఉంది. 

కుంచెల పక్కన, రంగు డబ్బా మూతలో, రేపటికని దాచుకున్న రెండు అర మాత్రలున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది.