దిమ్మెక్కని బండి

రెబెక్కాకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? సగం జీవితం తాను నడిపిన మోటారుసైకిల్‌ని చర్చి ముందు సిమెంటు దిమ్మ మీద నిలబెడతారట. కింద పాలరాతి పలక మీద ‘మిషన్ డాక్టరు దొరగారు లంకల్లో సేవ చేసిన వాహనం’ అని చెక్కిస్తారట. చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి కోతపండుగ నాడే ఆవిష్కరణట.

దొరగారు మంచివాడే, కాదనలేం. గట్టు మీదా బురదలోనూ ఒకేలా పోయే ఆ జపాను యమహాని ఓడలో తెప్పించుకున్నాడు. తెప్పించుకున్న రెండో రోజే దానితో సహా కాలవలో పడ్డాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. మిషన్ ఆస్పత్రిలో అప్పుడే చేరిన నర్సు రెబెక్కాని పిలిచి, తాళం చేతిలో పెట్టి, నువ్వే నడుపుకోమన్నాడు. ఆమె చీర గోచీపోసి బండెక్కింది. ఊరు ముక్కున వేలేసుకుంది. పాస్టరుగారు ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా తిట్టిపోశారు. ఆ పై ఆదివారం రెబెక్కా చర్చికి కూడా బండి మీదే వచ్చింది.

కాన్పులకీ, టీకాలకీ, పాముకాట్లకీ బండిని పంటు మీదికెక్కించి, గోదావరి దాటి లంకలన్నీ తిరిగింది. దొరగారు తొందరలోనే తన దేశం వెళ్లిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆస్పత్రి మూతపడింది, బండి చర్చి గోడౌన్లో తుప్పుపట్టింది. రెబెక్కా పేరు ఎక్కడా లేకుండా పోయింది. ఇన్నాళ్లూ దానికి ఆమె బాధపడలేదు. పలక సంగతి విన్నాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

“ఆ బండి నాకిచ్చేయండి ఏసురాజుగారూ. బాగుచేయించుకుంటాను,” అంది చర్చి కమిటీ ముందు నిలబడి.

కమిటీ సెక్రటరీ ఏసురాజు రిటైరైన హెడ్మాస్టరు. ఎవరితో మాట్లాడినా వెనక బెంచీ పిల్లలతో మాట్లాడినట్టే ఉంటుంది. “అది చర్చి ఆస్తి కదమ్మా. మీదే అనడానికి కాయితం ఏవన్నా ఉందా?”

“కాయితం లేదండి. ఇదుంది,” అని చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, కుడి పిక్క మీద సైలెన్సరు కాల్చిన మచ్చ చూపించింది. కమిటీ పెద్దలంతా గబుక్కున తలలు తిప్పేసుకున్నారు.

ఏసురాజు గొంతు సవరించుకున్నాడు. “సరేనమ్మా. పండుగ నాడు చర్చి ముందు స్టార్టు చేసి, తోలుకుపోండి. స్టార్టవకపోతే దిమ్మెక్కించేస్తాం,” అన్నాడు. ఆ ఇనపముక్క కదిలేది లేదని ఆయన ధీమా.

పాలకొల్లులో టూస్ట్రోకు బళ్లకి బుల్లిరాజుని మించిన మెకానిక్ లేడు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ బుల్లిరాజే చెబుతుంటాడు. ట్రాలీలోంచి దింపిన బండిని చుట్టూ తిరిగి చూసి, కిక్ రాడ్డు తొక్కాడు. అది బిగుసుకుపోయి ఉంది.

“పిస్టన్ పట్టేసిందండి. ఎవరి చేతా కాదు, నా దగ్గరికి తెచ్చారు కాబట్టి సరిపోయింది. ఆయ్, వదిలేసి వెళ్లండమ్మగారూ.”

“వదలనండి. ఓ కుర్చీ వేయించండి,” అంది రెబెక్కా.

రోజూ బస్సులో వచ్చి ఆ కుర్చీలో కూర్చునేది. కూర్చుందన్న మాటే గానీ చేతులు ఊరుకునేవి కావు. ప్లగ్గు తీసి లోపల డీజిలు పోసి నానబెడితే, పిస్టన్ మొరాయించి మొరాయించి చివరికి ఊడివచ్చింది. అలాంటిది కొత్తది ఎక్కడా దొరక్క, వేరే బండి పిస్టన్ తెచ్చి దానికి తగ్గట్టు సిలిండరు బోరు చేయించారు. ఏళ్ల తరబడి మసి పూడుకుపోయిన సైలెన్సరుని కొబ్బరి డొక్కల మంటలో వేసి ఎర్రగా కాల్చారు. చల్లారాక రెబెక్కాయే కర్రతో కొట్టి మసంతా రాల్చింది. ముఖమంతా నల్లగా అయింది. ఎన్నో ఏళ్లకి ఆమెకి కరకరా ఆకలేసింది.

పండుగ దగ్గర పడ్డాక ట్రయల్ చూశారు. వేరే పనేదో ఉన్నట్టు ఏసురాజు కూడా అటుగా వచ్చి నిలబడ్డాడు. బుల్లిరాజు కిక్ కొట్టగానే బండి పలికింది. రెబెక్కా ఆనందం పట్టలేక ఎక్కి కూర్చుని, గేరు వేసి క్లచ్ వదిలింది. బండి రివ్వున వెనక్కి పోయి, పక్క కొట్లోని అరటిగెలల్లో కూలబడింది.

టైమింగు తప్పితే టూస్ట్రోకు ఇంజను ఒక్కోసారి అలాగే తిరగబడి తిరుగుతుంది. అది తెలిసిన బుల్లిరాజు పరుగున పోయి ప్లగ్గు తీగ లాగేశాడు.

ఏసురాజు కడుపు పట్టుకుని నవ్వాడు. “చూశారామ్మా, దానికే ముందుకెళ్లాలని లేదు! వయసైపోయిందండి, దానికీ, మీకూ. రేపే దిమ్మకి రంగు వేయించేస్తాను.”

రెబెక్కా లేచి చీర దులుపుకుంది. మోచేయి దోక్కుపోయింది. నలుగురిలో పడ్డ సిగ్గుకి కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా తల దించలేదు. “కదిలింది కదండీ. ఎటు పోవాలో దానికి నేను చెప్పుకుంటాను. రంగు మీ ఇష్టం.”

ఏసురాజు వెళ్లాక బుల్లిరాజు బండిని లేపి నిలబెట్టాడు. “తప్పు నాదేనండి. ప్లగ్గు ఎప్పుడు మండాలో ఆ లెక్క తొందరలో తప్పు పెట్టేశాను.”

“అయితే మళ్లీ విప్పండి,” అంది రెబెక్కా.

పండుగ రోజు చర్చి ఆవరణ గుమ్మడికాయలతో, అరటిగెలలతో, కాళ్లు కట్టేసిన కోళ్లతో నిండిపోయింది. ఆరాధన అయ్యాక వాటినన్నిటినీ వేలంపాట పెడతారు. దానికోసం లంకల నుంచి కూడా జనం పంటెక్కి వచ్చారు. లోపల ఏసురాజు మైకు అందుకున్నాడు. “వాననక, వరదనక, ఆ మహానుభావుడు ఈ బండి మీద మన లంకలన్నీ తిరిగి...”

బయట రెబెక్కా కిక్ కొట్టింది. బండి పలకలేదు. మళ్లీ కొట్టింది. దగ్గింది, ఆగిపోయింది. పక్కనున్న బుల్లిరాజు చెయ్యి ముందుకు చాపాడు గానీ ఆమె బండి ఇవ్వలేదు. పళ్ల బిగువున ఒంటి బరువంతా కాలి మీద వేసి తొక్కింది.

బండి ఒక్కసారిగా గర్జించింది. నీలిపొగ కిటికీల్లోంచి లోపలికి వెళ్లింది. మైకులో దొరగారి త్యాగం ఎవరికీ వినపడకుండా పోయింది.

ఆడవాళ్ల వైపు బెంచీలో లంక నుంచి వచ్చిన సంపూర్ణమ్మ లేచి నిలబడింది. ఇద్దరు మనవలున్న మనిషి. “అది సిస్టరమ్మ బండి! ఆ సౌండు రేవులో వినపడ్డాకే మా అత్త నీళ్లు కాగబెట్టేది. నా పిల్లలిద్దరూ ఆవిడ చేతుల్లోనే పుట్టారు. దొరెవరండీ? మా లంకలో ఏ దొరనీ మేం చూళ్లేదు,” అని గట్టిగా అనేసి బయటికి నడిచింది. ఆమె వెనక ఇంకో ఆవిడ లేచింది. ఆపైన లంకవాళ్ల బెంచీలన్నీ ఖాళీ అయిపోయాయి.

వాళ్లంతా బండి చుట్టూ మూగేసరికి రెబెక్కాకి ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. “ఎక్కు, రేవులో దింపుతాను,” అంది సంపూర్ణమ్మతో. ఆవిడ చీర సర్దుకుని వెనక ఎక్కి కూర్చుంది.

ఏసురాజు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు. కొత్త రంగు వేసిన దిమ్మకి అప్పటికే పూలదండలు కట్టి ఉన్నాయి. “అమ్మా, ఆగండమ్మా! బిషప్పుగారొచ్చే టైమైంది. ఇప్పుడీ దిమ్మ మీద ఏం పెట్టమంటారు?”

రెబెక్కా గేరు వేసింది. బండి ముందుకే కదిలింది.

“మీరెక్కండి,” అంది.