గయకు పంపిన పేరు

ఆ వారం నాకు ఊపిరాడనంత పని. పగలంతా చిలకలూరిపేటలో నూలుమిల్లు ఆఫీసు. సోమ, మంగళవారాలు సాయంత్రం యేసుపాదం మాస్టారి దగ్గర గొలుసుకట్టు రాత నేర్చుకున్నాను. పాత దస్తావేజుల్లో అక్షరాలను ఒకదానికొకటి తగిలించి రాసేవాళ్లు. అది చదవడం రాకపోతే మా తాతల కాగితాలు ఇంట్లో ఉన్నా లేనట్టే. మాస్టారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయనది ఒకటే మాట.

"చదివిందే రాయి. ఎక్కడ చదివావో పక్కనే రాయి. ఊహించింది మాత్రం రాయకమ్మా జ్యోతీ."

బుధవారం సెలవు పెట్టి మా ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. కరణంగారి ఇంటివాళ్లు ఇచ్చిన రెండు ట్రంకుపెట్టెల కాగితాలను దుమ్ము దులిపి, ఏళ్లవారీగా సర్దే పని మేం నలుగురం ఉచితంగా చేస్తున్నాం. ఆ పెట్టెల్లో ఒక దానపత్రం బయటపడింది. మా ఇంటిపేరు, మా నాన్న ముత్తాత పేరు, ఆ కింద 'భార్య వెంగమాంబ'. నాన్న తాతమ్మ పేరు కోసం నాలుగేళ్లుగా వెతుకుతున్నాను. ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

ఆ కాగితం చేతిలో ఉండగానే ఫోను మోగింది. అంకమ్మరావు పెదనాన్న.

మా తాతకు ఇద్దరు భార్యలు. మొదటావిడ కొడుకు అంకమ్మరావు. ఆవిడ పోయాక, మిరపకాయ కోతలకు వచ్చే కోటిరత్నాన్ని తాత గుళ్లో తాళి కట్టి తెచ్చుకున్నాడు. ఆమే మా నాయనమ్మ, ఇప్పుడు లేదు. కులం వేరు. తాత పోయిన రోజు మా నాన్న యలమంద పాడె ఎత్తబోతే అంకమ్మరావు భుజం పట్టి లాగేశాడు. "ఎవడివిరా నువ్వు?" అన్నాడు, ఊరందరి ముందు. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని జనం వెనకాల నడిచాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. వంశవృక్షం వేయడం మొదలుపెట్టింది ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు చెప్పడానికే.

"ఏమ్మా జ్యోతీ, బాగున్నావా?" అన్నాడు, రోజూ మాట్లాడేవాడిలా. "రేపు గుంటూరులో రైలెక్కుతున్నాం, గయకి. మూడు తరాల పేర్లు తెమ్మన్నాడు పంతులు. మగాళ్లవి ఉన్నాయి. మా తాతమ్మ పేరే ఎవడికీ తెలవదు. నువ్వు పాత కాగితాలు తవ్వుతున్నావంటగా."

"మా నాయనమ్మ పేరు రాసుకున్నారా పెదనాన్నా?"

"ఆవిడదెందుకులే ఇప్పుడు."

"తాత కట్టిన తాళేగా."

"నీకు తెలవదులేమ్మా. అసలు సంగతి చెప్పు, పేరు దొరికిద్దా లేదా?"

కాగితం మడిచి సంచిలో పెట్టాను.

"దొరికింది పెదనాన్నా. అచ్చమ్మ."

"ఖాయమేనా?"

"ఖాయం."

అచ్చమ్మ మా నాయనమ్మ కోటిరత్నం తల్లి. ముప్పై ఏళ్లు తాత వాళ్ల ఇంటి పేడ ఎత్తింది. దాహమేస్తే వాకిట్లో కూర్చుని దోసిలి పడితే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. "ఏమే" అని పిలిచేవాళ్లు తప్ప ఆమె పేరేమిటని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు పెదనాన్న నా అబద్ధాన్ని పట్టుకునేవాడే.

గురువారం, శుక్రవారం మిల్లులో కూర్చున్నా నా మనసు రైల్లోనే ఉంది. ఏ స్టేషను దాటిందో ఫోనులో చూసుకున్నాను. శనివారం మళ్లీ పెట్టెల దగ్గరికి వెళ్లి పనిచేశాను. తప్పు చేశానని ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఆదివారం పొద్దున వీడియో వచ్చింది. గుండు చేయించుకుని, పెదనాన్న నది ఇసుకలో మోకాళ్లపై కూర్చున్నాడు. పంతులు పేరు చెప్పించాడు. "అచ్చమ్మ" అని మూడుసార్లు పలికి, నువ్వులూ నీళ్లూ వదిలి, నుదురు నేలకు ఆనించాడు. కింద మెసేజి: నీ రుణం ఉంచుకోనమ్మా.

మిరప కల్లానికి పరిగెత్తాను. నాన్న రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. వీడియో చూపించాను. రెండోసారి పెట్టించుకుని చూశాడు.

"మా అమ్మమ్మ పేరు కదే అది."

"అవును నాన్నా. నేనే ఇచ్చాను."

నవ్వుతాడనుకున్నాను. అరచేతిలోని కాయల్ని అటూ ఇటూ కదిపాడు.

"మరి వాళ్ల తాతమ్మ పేరు దొరకలా?"

"దొరికింది. వెంగమాంబ."

"ఆమె నాకూ తాతమ్మేగా జ్యోతీ. ఆమెకెవరు పిండం పెట్టినట్టు?"

పెదనాన్నను కొట్టాననుకున్నాను. దెబ్బ తగిలింది పేరు తప్ప ఇంకేమీ మిగలని ఆడమనిషికి. మా నాయనమ్మకు వాళ్లు చేసిందే ఆమెకు నేను చేశాను.

అయినా పెదనాన్న మీద కోపం గింజంత కూడా తగ్గలేదు.

అక్కడే కూర్చుని ఒక కాగితం మీద 'వెంగమాంబ' అని రాశాను. పక్కన దానపత్రం నంబరు, తేదీ రాశాను. మడిచి నాన్న చొక్కా జేబులో పెట్టాను.

"పెదనాన్న రైలు దిగగానే ఆయన ఇంటికెళ్లి, అందరూ ఉండగా చెబుతాను నాన్నా. గయలో ఎవరికి మొక్కాడో చెబుతాను. అసలు పేరు నీ దగ్గరుందని కూడా చెబుతాను. ఆయన మళ్లీ గయ పోవాల్సిందే. పోవాలంటే ముందు ఈ కల్లానికొచ్చి నిన్ను అడగాలి."

"వస్తాడంటావా?"

"పిండం తప్పిందంటే పరిగెత్తుకుంటూ వస్తాడు."

నాన్న జేబు తడుముకున్నాడు. "ఎండనపడి వస్తాడేమో, మజ్జిగ ఉందేమో చూడు," అన్నాడు.

నాన్నను నేనెరుగుదును. మజ్జిగ ఇచ్చి, అడక్కముందే కాగితం కూడా ఇచ్చేస్తాడు. ఆ రోజు నేను సెలవు పెట్టి, నాన్న పక్కనే ఉండాలి.