లోపలి గొళ్ళెం

నేను ఒక ఇనుప గొళ్ళేన్ని. తలుపుకు లోపలివైపు ఉండేదాన్ని. బయటి గొళ్ళేలు తాళాలకు కొలువు చేస్తాయి. నేను మనుషులకు చేశాను.

కమ్మరి బంగారయ్య నన్ను సాగగొట్టేటప్పుడు దెబ్బ కాస్త పక్కకు పడింది. అందుకే నా మెడ వంకర. "వంకరుంటేనే పట్టుంటాదమ్మా," అంటూ సన్యాసమ్మకు అంటగట్టాడు. ఆమె అప్పుడే కాపురానికి వచ్చింది. మధ్యాహ్నం పని తెమిలాక నన్ను వేసి, పచ్చిమామిడి ముక్కలకు ఉప్పూకారం అద్దుకుని తింటూ, ఊళ్ళోవాళ్ళ నడకలన్నీ మొగుడు అప్పలసూరికి నడిచి చూపేది. పసుపంటిన ఆమె బొటనవేలు నా మీద పడితే చాలు, ఆ ఇల్లు వాళ్ళిద్దరిదే.

తర్వాత కొత్త పాలకులు వచ్చారు. ఊరికి క్షేమపురమని పేరు పెట్టారు. దాచుకునేది లేనివాడికి గొళ్ళెం ఎందుకని మైకులో అడిగారు. ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. జనమే లోపలి గొళ్ళేలు ఊడబెరికి, పసుపు రాసి, బొట్లు పెట్టి, డప్పులతో ఊరేగించి కొలిమిలో పడేసి వచ్చారు. తమ చెరసాలకు తామే హారతి ఇచ్చుకున్నారు.

సన్యాసమ్మ అప్పుడు బాలింత. నన్ను పసిదాని తలగడ కింద పెట్టింది. గాలీధూళీ సోకకుండా పురిటింట ఇనుము పెట్టడం పాత ఆచారం. సోదాకు వచ్చిన కావలి లింగన్న తలగడ ఎత్తాడు.

"ఏటిది?"

"పురిటింటి ఇనుం బాబూ. ముట్టుకుంటే పిల్లకున్న దోసం నీకు సుట్టుకుంటాది. ఆనక నీ ఇష్టం."

లింగన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాడి ఉద్యోగం కొత్తది, భయం పాతది.

ఆ ఏడే సన్యాసమ్మ జ్వరంతో పోయింది. దుఃఖం అంటురోగమని పాలకుల నియమం. పోయినవాళ్ళ మాట ఎత్తిన ఇంట పిల్లల్ని ఉంచరు. ఎవడు ఎప్పుడు తోసుకొస్తాడో తెలియని తలుపు. అప్పలసూరి భార్య పేరు మళ్ళీ పలకలేదు. నన్ను బియ్యపు డబ్బా అడుగున దాచాడు. ఆ చీకట్లో తుప్పు పడుతూ, పసుపు బొటనవేలి కోసం చూశాను. ఇనుముకు అంతకంటే ఏం చేతనవుతుంది?

కూతురు నూకాలుకు పదిహేనేళ్ళు నిండాయి. ఆ ఈడు పిల్లల్ని పాలకులు శిక్షణాలయానికి తీసుకుపోతారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి ఇంటికి రాలేదు. తెల్లవారితే ప్రయాణం.

"నానా, అమ్మ ఎలాగుండేదో ఒక్కపాలి సెప్పవా? ఆ మాట తెలీకుండా నానెలాగెల్తాను?"

అప్పలసూరి డబ్బా దగ్గరికి వెళ్ళాడు. బియ్యంలో చెయ్యి పెట్టి నన్ను తీశాడు. ఆ మధ్యాహ్నమే మైకులో పురగీతం హోరెత్తుతుంటే, ఆ హోరులో రోకలితో మేకులు దిగగొట్టాడు. నూకాలు బొటనవేలితో నన్ను వేసింది. దాని వేలికి పసుపు లేదు. కానీ ఒత్తిడి అదే.

"మీ యమ్మ నవ్విందంటే ఎక్కిళ్ళే," అన్నాడు అప్పలసూరి. "నీకొచ్చీవి మీ యమ్మవేనే, గుంటా."

ఆ పిల్ల నవ్వింది. ఎక్కిళ్ళు వచ్చాయి. అవి ఆగేలోగా ఏడుపు వచ్చింది. అప్పలసూరి తలుపుకు వీపు ఆనించి కూలబడి, ఇన్నేళ్ళ ఏడుపూ ఏడ్చాడు. మధ్యమధ్య మామిడి ముక్కల సంగతి చెప్పాడు, నడకల సంగతి చెప్పాడు.

లింగన్న ఎప్పటిలాగే తలుపు తోశాడు. అది రాలేదు. మళ్ళీ తోశాడు. ఇన్నేళ్ళలో వాడికి తలుపు తట్టే పని పడలేదు. చివరికి వేళ్ళు మడిచి తట్టాడు.

"ఎవులున్నారు లోన?"

"ఉండండి బాబూ," అంది నూకాలు, వెక్కుతూనే. "మా నాన మా యమ్మ సంగతి సెప్తన్నాడు. అయ్యాక తీస్తాం."

వాడు గడ్డపార తెచ్చేదాకా పట్టుకున్నాను. అప్పటికి చెప్పడం అయిపోయింది.

ఇప్పుడు కొలిమి పక్క తుక్కులో ఉన్నాను. తండ్రినీ కూతుర్నీ చెరో దారిన తీసుకుపోయారని విన్నాను. లింగన్నను నేను క్షమించను. డప్పులు కొట్టినవాళ్ళను అసలే క్షమించను. రేపో మాపో నన్ను కరిగిస్తారు. దేనిగా పోతపోసినా సరే. ఎక్కడో ఒక పిల్ల నవ్వి ఎక్కిళ్ళు పెడితే, అవి ఎవరివో దానికి తెలుసు.